ఇంట్లో కుట్టుకునే టీపీ గుడారం

నడుమ ఒక్క గుంజ, దాని కొసనుంచి చుట్టూ వెడల్పవుతూ నేల దాకా దిగే గుడ్డ, అంచు వెంట కొన్ని మేకులు: టీపీ గుడారానికి కావలసింది ఇంతే. వంగే కడ్డీలు, జంట పైకప్పులు, లోపలి గదులు ఏవీ ఉండవు. ఇద్దరు పడుకోగలిగిన గుడారాన్ని గుంజతో సహా కిలోకు అటూఇటూ బరువులో కుట్టుకోవచ్చు. మామూలు కుట్టు మిషను, అందులోనూ తిన్నని కుట్టు ఒక్కటే వేసే పాత కాలితొక్కుడు మిషను సరిపోతుంది. కొండలెక్కేవారు, సైకిల్ యాత్రికులు, నెలల తరబడి కాలిబాటల్లో నడిచేవారు ఈ ఆకారాన్ని పదేపదే ఎంచుకోవడానికి కారణం దీని బరువు. ఇంట్లో కుట్టుకునేవారు ఎంచుకోవడానికి కారణం మరొకటి ఉంది. ఒకే త్రిభుజాన్ని ఆరుసార్లో ఎనిమిదిసార్లో కత్తిరించి పక్కపక్కన కలిపితే ఇల్లు తయారవుతుంది. అయితే ఆ త్రిభుజం కోత సరిగా కుదరాలి. కుట్టు కాస్త వంకరపోయిన గుడారం వానకు నిలుస్తుంది కానీ, కోత తప్పిన గుడారాన్ని ఎంత మంచి కుట్టూ నిలబెట్టలేదు.

మైదానాల ఇల్లు

టీపీ పుట్టిల్లు ఉత్తర అమెరికా మధ్యభాగంలోని గడ్డి మైదానాలు. లకోటా, షయెన్, బ్లాక్‌ఫుట్, క్రో వంటి జాతులు అడవిదున్నల మందల వెంట కదులుతూ వీటిలో నివసించాయి. గుడారాన్ని కోసేది, కుట్టేది, నిలబెట్టేది, విప్పి మూటగట్టేది ఆడవాళ్లే. ఇంటి హక్కు కూడా వాళ్లదే. శుభ్రం చేసి పదునుపెట్టిన దున్నచర్మాలు పన్నెండో పద్నాలుగో, పెద్ద కుటుంబానికి ఇంకా ఎక్కువో సేకరించి, కోతలో చేయితిరిగిన పెద్దావిడను పిలిచి, ఆమె చెప్పినట్టు చర్మాలను పరిచి అమర్చి, బంధువుల ఆడవాళ్లంతా కలిసి నరాల దారంతో కుట్టేవారు. కుట్టడానికి ఎన్ని చేతులున్నా, ఏ చర్మం ఎక్కడ పడాలో తేల్చేది మాత్రం ఆ పెద్దావిడే.

పరిచిన కప్పు దాదాపు అర్ధచంద్రాకారంలో ఉంటుంది. నిలబెట్టాక అది సరైన శంకువు కాదు. వెనకవైపు నిటారుగా, ముందువైపు ఏటవాలుగా కాస్త వెనక్కి వాలి ఉంటుంది. పడమటి గాలికి వెన్ను చూపడానికి, పొగ బయటికి పోయే కంతను గుంజల కూడలికి ముందుకు తేవడానికి ఈ వాలు పనికొస్తుంది. కంతకు ఇరువైపులా రెండు రెక్కలు, వాటిని తిప్పడానికి బయట రెండు పొడవాటి కర్రలు. గాలి ఎటు మళ్లితే రెక్కలను అటు మళ్లించి లోపలి పొగను లాగించేవారు. లోపల గుంజలకు కట్టే రెండో పొర అడుగునుంచి గాలిని పైకి నడిపించి, తడిని, చలిని ఆపేది. షయెన్, లకోటా వాళ్లు మూడు గుంజలను ముందు కట్టి మిగతావి వాటికి ఆనించేవారు. క్రో, బ్లాక్‌ఫుట్ వాళ్లు నాలుగింటితో మొదలుపెట్టేవారు.

ఇంటి సైజును నిర్ణయించింది మోసే జంతువు. గుర్రాలు రాకముందు సామాను లాగినవి కుక్కలు. రెండు కర్రలను వాటి భుజాలకు కట్టి, వెనక కొసలు నేలమీద ఈడ్చుకుపోయేలా చేసి, నడుమ మూట పెట్టేవారు. కుక్క లాగగలిగినంతే ఇల్లు, కాబట్టి ఆనాటి టీపీలు చిన్నవి. గుర్రం వచ్చాక గుంజలు పొడవయ్యాయి, కప్పులు పెద్దవయ్యాయి. 1870ల్లో, 1880ల్లో వేటగాళ్లు అడవిదున్నలను దాదాపు తుడిచిపెట్టేశాక చర్మాల స్థానంలో కాన్వాసు గుడ్డ వచ్చింది. ఈ సంప్రదాయాన్ని కొలతలతో, కోత పటాలతో సహా నమోదు చేసిన పుస్తకం రెజినాల్డ్, గ్లాడిస్ లాబిన్ దంపతులు 1957లో వెలువరించిన ‘ది ఇండియన్ టీపీ’. ఇంట్లో కాన్వాసు టీపీ కుట్టుకునేవారు ఈనాటికీ దాన్నే తిరగేస్తారు.

ఐరోపా ఉత్తరపు అంచున సామీ ప్రజల లావ్వు దీనికి దూరపు చుట్టం లాంటిది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో రెయిన్‌డీర్ మందల వెంట తిరిగే సామీలు కొనల్లో చీలిన మూడు కర్రలను ఒకదాంట్లో ఒకటి తగిలించి నిలబెడతారు. పొగ రెక్కలు ఉండవు. టీపీకన్నా పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. చెట్టూచేమా లేని మంచు మైదానంలో గాలి ఎంత బలంగా కొడుతుందో ఆ ఎత్తును చూస్తేనే అర్థమవుతుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఒంటిగుంజ గుడారాలు చాలావరకు ఆకారంలో లావ్వుకే దగ్గర. స్వీడన్‌కు చెందిన టెంటిపి, నార్వేకు చెందిన హెల్‌స్పోర్ట్ కంపెనీలు ఆ వారసత్వాన్నే అమ్ముతున్నాయి.

సైన్యం నుంచి దర్జీ చేతికి

అనేక గుంజలను ఒక్కటిగా మార్చిన వారిలో పేరొందినవాడు అమెరికా సైన్యాధికారి హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ. మైదానాల్లో చూసిన టీపీలను మనసులో పెట్టుకుని గంట ఆకారపు గుడారం రూపొందించి 1856లో పేటెంటు తీసుకున్నాడు. నడుమ ఒక గుంజ, దాని అడుగున ఇనుప ముక్కాలి పీట, పద్దెనిమిది అడుగుల వ్యాసం, పన్నెండు అడుగుల ఎత్తు, డజను మంది సైనికులకు చోటు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం కోసం దాదాపు 44 వేలు తయారయ్యాయి. సిబ్లీ మాత్రం దక్షిణాది సైన్యంలో చేరి తన రాయల్టీ పోగొట్టుకున్నాడు. బండ్లమీద తప్ప మోయలేని ఆ గుడారాలను యుద్ధం సగంలోనే సైన్యం పక్కన పెట్టేసింది.

తేలిక గుడారం కథ నిజంగా మొదలయ్యేది ఒక దర్జీ దగ్గర. థామస్ హైరమ్ హోల్డింగ్ చిన్నతనంలో, 1853లో, తల్లిదండ్రులతో కలిసి బండ్ల బిడారులో అమెరికా మైదానాలను దాటాడు. పెద్దయ్యాక లండన్‌లో కుట్టుపని వృత్తిగా పెట్టుకున్నాడు. సైకిల్‌మీద ఐర్లండ్ తిరగడానికి సరిపడే గుడారాన్ని తన వృత్తి నేర్పుతోనే తయారుచేసుకుని, ఆ ప్రయాణాన్ని 1898లో పుస్తకంగా రాశాడు. 1901లో అతను నాటిన సైకిల్ శిబిరాల సంఘమే నేటి బ్రిటన్‌లోని క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్. 1908లో వచ్చిన ‘ది క్యాంపర్స్ హ్యాండ్‌బుక్’ ఆ తరానికంతటికీ పాఠ్యపుస్తకమైంది. వినోదం కోసం గుడారం వేసుకుని గడపడం అనే అలవాటుకు ఆద్యుడిగా చరిత్ర గుర్తించిన మనిషి వృత్తిరీత్యా దర్జీ కావడం యాదృచ్ఛికం కాదు. బరువు ఎక్కడ తగ్గించవచ్చో, బట్ట ఎక్కడ లాగుతుందో కత్తెర పట్టిన చేతికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

1966లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో డేల్ జాన్సన్ స్థాపించిన ఫ్రాస్ట్‌లైన్ సంస్థ ముందే కత్తిరించిన ముక్కలు, జిప్పు, దారం, కుట్టే పద్ధతి చెప్పే కాగితాలు ఒక పెట్టెలో పెట్టి అమ్మింది. కోటులు, పరుపు సంచులు (స్లీపింగ్ బ్యాగులు), గుడారాలు వేల ఇళ్లలో అలా తయారయ్యాయి. కోతను కంపెనీ తన దగ్గర ఉంచుకుని కుట్టును మాత్రం కొనేవారికి వదిలిందన్నది గమనించదగ్గ విషయం. విమాన, అంతరిక్ష రంగంలో ఇంజనీరుగా పనిచేసిన రే జార్డీన్ తర్వాత 1992లో పసిఫిక్ క్రెస్ట్ కాలిబాటపై వెలువరించిన పుస్తకంలో వీపుమీది బరువును సగానికి సగం తగ్గించే పద్ధతులు చెప్పి, సామాను సొంతంగా కుట్టుకోమన్నాడు. బరువు తగ్గించాలనే పట్టుదల, ఇంట్లో కుట్టడం అప్పటినుంచి జంటగా నడుస్తున్నాయి.

ఆరు త్రిభుజాల లెక్క

గుండ్రటి శంకువును గుడ్డతో కుట్టడం సాధ్యమే కానీ, మేకుల మధ్య అంచు ఎలాగూ తిన్నగా లాగబడుతుంది. అందుకే తేలిక గుడారాలు నాలుగు, ఆరు, ఎనిమిది మూలల పిరమిడ్లుగా వస్తాయి. నాలుగు మూలలదానికి కుట్లు తక్కువ, కానీ పెద్ద పెద్ద పలకలు గాలికి డప్పులా కొట్టుకుంటాయి. ఎనిమిదిదానికి గాలి నిలకడ ఎక్కువ, పనీ మేకులూ ఎక్కువ. మొదటిసారి కుట్టేవారికి ఆరు మూలలు మేలు.

ఒక నిజమైన కొలత తీసుకుంటే విషయం తేటపడుతుంది. గుంజ ఎత్తు 1.6 మీటర్లు, నడుమనుంచి మూలకు దూరం 1.4 మీటర్లు అనుకుందాం. ఆరు మూలల ఆకారంలో ఆ దూరమే భుజం పొడవు కూడా, కాబట్టి ప్రతి త్రిభుజం అడుగు 1.4 మీటర్లు. కొసనుంచి అడుగు మధ్యకు ఎత్తు 2.01 మీటర్లు, మూల వెంట దిగే కుట్టు పొడవు 2.13 మీటర్లు వస్తుంది. మొత్తం గుడ్డ 8.4 చదరపు మీటర్లు, నేల వైశాల్యం సుమారు 5.1 చదరపు మీటర్లు. చదరపు మీటరు 45 గ్రాముల నైలాన్‌తో కుడితే గుడ్డ బరువు 380 గ్రాములు. ఇదే గుడారం 340 గ్రాముల కాన్వాసుతో అయితే పొడిగా ఉన్నప్పుడే 2.9 కిలోలు.

నేల వైశాల్యం చూసి మురిసిపోకూడదు. వాలుగోడల ఇంట్లో చాలా నేల చేతికి అందదు. పై కొలతల గుడారంలో కూర్చున్న మనిషి తల తగలని భాగం, అంటే కప్పు 90 సెంటీమీటర్లకు పైన ఉన్న చోటు, చదరపు మీటరు కూడా ఉండదు. పడుకోవడానికి మాత్రం గుంజకు చెరోపక్క ఇద్దరికి సుఖంగా సరిపోతుంది. అంచు చుట్టూ మిగిలే ఇరుకు చోటు సామానుకు, తడిసిన బూట్లకు. మనిషి పొడుగ్గా ఉంటే మూలకు దూరాన్ని పెంచడం కన్నా గుంజను పెంచడం మంచిది. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుందని లావ్వును చూసి గుర్తు తెచ్చుకోవాలి.

కాగితంమీద పదోవంతు కొలతలతో నమూనా చేసి బల్లమీద నిలబెడితే తలుపు ఎటు, మేకులు ఎక్కడ అనేవి అరగంటలో తేలిపోతాయి. ఆ తర్వాత పాత దుప్పట్లతో పూర్తి కొలతలో కచ్చాకుట్టు వేసి లోపల ఒకసారి పడుకుని చూసేవారు ఖరీదైన గుడ్డను పాడుచేసుకోరు.

పన్నా, కోత, వంపు

గుడారపు గుడ్డలు సాధారణంగా మీటరున్నర పన్నాతో వస్తాయి. అడుగు 1.4 మీటర్లున్న త్రిభుజం ఆ పన్నాలో కుట్టు మార్జిన్‌తో సహా ఒదుగుతుంది. ఒక్కో త్రిభుజానికి 2.1 మీటర్ల చొప్పున ఆరింటికి పన్నెండున్నర మీటర్లు కావాలనిపిస్తుంది. ఇక్కడే కోత తెలివి అక్కరకొస్తుంది. 2.1 మీటర్ల ముక్కలో నడుమ పూర్తి త్రిభుజం తీస్తే రెండు పక్కలా రెండు సగం త్రిభుజాలు మిగులుతాయి. వాటి నిలువు అంచులను కలిపి కుడితే మరో పూర్తి త్రిభుజం. అంటే మూడు ముక్కల్లోంచి ఆరు పలకలు. కొసల బలానికి, తలుపు పట్టీకి కావలసింది కలుపుకున్నా ఏడు మీటర్లతో పని పూర్తవుతుంది. నడుమ కుట్టు ఉన్న మూడు పలకల్లో ఒకదాన్ని తలుపుకు కేటాయిస్తే ఆ కుట్టు స్థానంలో జిప్పు వస్తుంది. దాని కోసం వేరే కోత అక్కరలేదు.

త్రిభుజాల ఏటవాలు అంచులు గుడ్డ నేతకు క్రాసులో పడతాయి. క్రాసులో గుడ్డ సాగుతుందని జాకెట్లు కుట్టే ప్రతి ఒక్కరికీ తెలుసు. గుడారంలో ఆ సాగుడే వాన నీరు నిలిచే గుంటలుగా, గాలికి పటపటలాడే పలకలుగా బయటపడుతుంది. దానికి మందు, అంచులను గీటు వెంట తిన్నగా కాక లోపలికి కొద్దిగా వంపు తిప్పి కోయడం. రెండు కొసలమధ్య లాగిన గుడ్డలో బిగువు కొసల దగ్గర పోగుపడి నడుమ అంచు వదులవుతుంది. నడుమ గుడ్డను ముందే తీసేస్తే బిగువు పలకంతా పరుచుకుంటుంది.

ఏ వంపు? రెండు మేకులకు వేలాడదీసిన గొలుసు ఏ వంపు తిరుగుతుందో అదే. ఆ వంపు సమీకరణం ఏమిటని యాకోబ్ బెర్నూలీ విసిరిన సవాలుకు 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ ముగ్గురూ విడివిడిగా జవాబు చెప్పారు. దర్జీకి ఆ గణితం అక్కరలేదు. గోడమీద 2.13 మీటర్ల దూరంలో ఒకే ఎత్తున రెండు మేకులు కొట్టి, సన్నని గొలుసును నడుమ 5 సెంటీమీటర్లు కిందికి దిగేలా వేలాడదీసి, వెనక పెట్టిన అట్టమీద పెన్సిల్‌తో ఆ గీతను దించుకుంటే చాలు. అట్టను కోసుకుంటే అన్ని పలకలకూ అదే అచ్చు. నేల అంచుకు 1.4 మీటర్ల పొడవున 4 సెంటీమీటర్ల దిగుడు సరిపోతుంది. ఇంత తక్కువ లోతులో గొలుసు వంపుకు, మామూలు చాపపు వంపుకు తేడా మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి పలుచని చెక్కబద్దను వంచి గీసుకున్నా నష్టం లేదు. అన్ని పలకల వంపూ ఒకేలా ఉండటమే అసలు సంగతి. అచ్చును తిప్పి పెట్టేటప్పుడు ఒక పలకలో వంపు లోతు పెరిగితే గుడారం నిలబడ్డాక ఆ పక్కకు మెలిక పడుతుంది.

గీయడానికి సుద్ద, లేదా చెరిగిపోని మార్కరు. కోయడానికి కత్తెరకన్నా వేడి సోల్డరింగ్ కడ్డీ మేలు. ఇనుప స్కేలు వెంట నడిపిస్తే అంచు కరిగి మూసుకుంటుంది, పోగులు ఊడవు. పొగ మంచిది కాదు, కిటికీలు తెరిచి చేయాలి.

ఏ గుడ్డ?

నైలాన్‌ను 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసింది. రెండో ప్రపంచయుద్ధంలో అది ప్యారాచూట్ గుడ్డగా మారింది. చిన్న చిన్న గళ్లుగా మందపు పోగు కలిపి నేసే రిప్‌స్టాప్ నేతవల్ల చిరుగు పడినా గడి దగ్గర ఆగుతుంది. దీనికి రెండు వైపులా సిలికాన్ పట్టిస్తే సిల్‌నైలాన్ అవుతుంది. సిలికాన్ పోగులను జారనిస్తుంది. చిరుగు వచ్చే చోట పోగులు దగ్గరకు జరిగి గుంపుగా ఎదురు నిలుస్తాయి, అందుకే ఇంత పలుచని గుడ్డ అంత సులువుగా చిరగదు. చవకగా దొరికే పాలీయురేథేన్ పూత పోగులను బిగించేసి చిరుగు బలాన్ని తగ్గిస్తుంది, కానీ కుట్లమీద టేపు అంటించుకునే వీలిస్తుంది.

నైలాన్‌కు ఒక బలహీనత ఉంది. నీరు పీల్చి సాగుతుంది. సాయంత్రం బిగించిన గుడారం వానలో అర్ధరాత్రికి వదులవుతుంది, లేచి తాళ్లు బిగించాలి. పాలిస్టర్ అలా సాగదు. బలంలో కొంచెం తగ్గినా, తొలి గుడారానికి సిలికాన్ పూత పాలిస్టరే సరైనది. నీటిని ఆపే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు: గుడ్డమీద నీటి స్తంభం ఎంత ఎత్తుకు చేరితే చుక్కలు దిగుతాయో అదే కొలత. పైకప్పుకు 1500 మిల్లీమీటర్లు ఉంటే మామూలు వానలకు చాలు.

అన్నిటికన్నా తేలికైనది డైనీమా మిశ్రమ గుడ్డ. ఇది నేత కాదు. రెండు పలుచని పొరల మధ్య పోగులను పరిచి అతికించిన పటలం. 1992లో అమెరికాస్ కప్ నావల పోటీ గెలిచిన పడవ తెరచాపల పరిశోధనలో ఇది రూపుదిద్దుకుంది. చదరపు మీటరు 25 గ్రాముల రకంతో పై గుడారం 210 గ్రాములకు దిగుతుంది. అయితే సూది పెట్టిన ప్రతి కన్నం దానికి చిల్లే. అందుకే కుట్టకుండా టేపుతో అతికిస్తారు. ధర చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు, తగ్గడమే మంచిది. కోత నేర్చుకునేది చవక గుడ్డమీదే.

మన బజార్లలో ప్యారాచూట్ క్లాత్ పేరుతో అమ్మే పలుచని నైలాన్‌లో చాలా రకాలకు పూత ఉండదు. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోతే అది వానకు పనికిరాదు. ఎండనాపే నీడపట్టుకు మాత్రం బాగుంటుంది.

మిషను దగ్గర

సిలికాన్ గుడ్డ చేపలా జారుతుంది. పై పొర ఒకవైపు, కింది పొర ఒకవైపు నడుస్తాయి. రెండు మీటర్ల కుట్టు చివరికి వచ్చేసరికి ఒక పొర రెండు మూడు సెంటీమీటర్లు మిగిలిపోవడం మామూలే. దీనికి అనుభవజ్ఞులు పాటించే నియమం ఒకటి. ప్రతి కుట్టూ కొసనుంచి మొదలై అడుగుకు దిగాలి. తేడా వస్తే అడుగున వస్తుంది, అక్కడ కోసేయొచ్చు. పాదానికి ముందు ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి ఉంచి గుడ్డను రెండు వైపులా సమానంగా బిగువుగా పట్టుకుని నడపాలి, లాగకూడదు. గుండుసూదులు గుచ్చితే మార్జిన్ లోపలే గుచ్చాలి. పలకమధ్య పడ్డ ప్రతి కన్నమూ రేపు వానకు దారి.

సన్నని సూది, 11 లేదా 12 నంబరు. దారం పూర్తి పాలిస్టర్. నూలుదారం తడికి కుళ్లుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మరీ దగ్గర కుట్లు వేస్తే కన్నాల వరసలో గుడ్డ చించడానికి గీటు పెట్టినట్టవుతుంది.

పలకలను కలిపేది జీన్సు ప్యాంటు కాలి కుట్టు లాంటి మడత కుట్టుతో. ఒక పలక అంచును మరోదానికన్నా సెంటీమీటరు లోపలికి పెట్టి మొదటి కుట్టు వేస్తారు. మిగిలిన పొడవు అంచును పొట్టి అంచుమీదుగా మడిచి, మొత్తం ఒకవైపుకు పడుకోబెట్టి రెండో కుట్టు వేస్తారు. కోసిన అంచులన్నీ లోపల దాగిపోతాయి. లాగుడును రెండు కుట్లూ పంచుకుంటాయి. మూడు పలకలను కలిపి ఒక సగం, మిగతా మూడింటిని కలిపి మరో సగం చేసి, చివరికి రెండు సగాలను కలిపితే మిషను కింద గుడ్డ గుట్టగా పడి చికాకు పెట్టదు.

కొస దగ్గర సమస్య ఎదురవుతుంది. ఆరు మడత కుట్లు ఒక బిందువులో కలుస్తాయి. ఒక్కో కుట్టుకు నాలుగు పొరల చొప్పున ఇరవై నాలుగు పొరలు. ఇంటి మిషను సూది అక్కడ విరుగుతుంది. అందుకే పలకల కొసలను ఏడెనిమిది సెంటీమీటర్లు ముందే కోసేసి, ఆ కంతమీద బరువు గుడ్డతో, కోర్డురా లాంటిదానితో, చిన్న టోపీ విడిగా కుట్టి తొడుగుతారు. గుంజ కొస ఆనేది ఆ టోపీలోనే. దానికింద ఎదురెదురుగా రెండు గాలి కిటికీలు, వాటిమీద వానపడకుండా చిన్న చూరు కుట్టవచ్చు. చూరు అంచులో పలుచని తీగ దూర్చితే అది తెరుచుకుని నిలుస్తుంది. మైదానాల టీపీ పొగరెక్కలకు ఇది వారసురాలు, కాకపోతే బయటికి పోయేది పొగ కాదు, ఊపిరి తడి.

మూలల్లో బరువంతా పడేది పట్టీలమీద. రెండు సెంటీమీటర్ల వెడల్పు నైలాన్ పట్టీని ఉచ్చులా మడిచి, మూల కుట్టు వెంట సూటిగా వచ్చేలా పెట్టి, కింద బరువు గుడ్డ ముక్క వేసి, చదరంగా చుట్టూ కుట్టి నడుమ అడ్డంగా రెండు గీతలు వేయాలి. జిప్పుకు ఎప్పుడూ బరువు పడకూడదు. తలుపు అడుగున రెండు మూలలనూ కలిపే చిన్న బకిలు పెడితే లాగుడును అది మోస్తుంది, జిప్పు తేలిగ్గా జారుతుంది. 5 నంబరు జిప్పు తీసుకోవాలి. అంతకన్నా సన్నవి ఇసుక పడితే పళ్లు వదిలేస్తాయి.

కుట్టడం అయ్యాక కన్నాలు మూయాలి. సిలికాన్ గుడ్డకు సిలికాన్ తప్ప మరేదీ అంటదు. పారదర్శక సిలికాన్ సీలెంటును మినరల్ టర్పెంటైన్‌లో పలుచగా కలిపి, గుడారాన్ని బిగించి నిలబెట్టి, చిన్న బ్రష్షుతో ప్రతి కుట్టుమీదా బయటినుంచి పూసి, మెత్తని గుడ్డతో తుడిచేయాలి. బిగించి పూస్తే తెరుచుకున్న కన్నాల్లోకి మందు దిగుతుంది. మడతపెట్టే ముందు రోజంతా ఆరనివ్వాలి.

లోపల ఒక రాత్రి

గుడారం వేయడం తేలిక. ఆరు మూలలనూ చదునైన నేలమీద పరిచి, మేకులు వదులుగా దిగగొట్టి, తలుపులోంచి గుంజ దూర్చి నిలబెడతారు. ఆ తర్వాత మేకుల దగ్గర తాళ్లు బిగిస్తే పలకలు చదునవుతాయి. నడక కర్రలు వాడేవారు రెండింటిని కలిపి కట్టి గుంజగా నిలబెట్టుకుంటారు. చెట్టు కొమ్మ అందుబాటులో ఉంటే టోపీమీది ఉచ్చుకు తాడు కట్టి పైకి లాగితే గుంజే అక్కరలేదు, లోపల నడుమ చోటు ఖాళీ. తెలుగు పల్లెల దగ్గర, అడవుల అంచున మంచి వెదురు బొంగు దొరకడం కష్టం కాదు. అల్యూమినియం గొట్టం మోసుకెళ్లనక్కరలేదు.

ఒకే పొర గుడారంలో అసలు శత్రువు వానకన్నా లోపలి తడి. మనుషుల ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి చుక్కలవుతుంది. లంబసింగి, అరకు వైపు చలికాలపు రాత్రుల్లో, నిశ్చలమైన గాలిలో, పొగమంచు దిగే తెల్లవారుజామున ఇది తప్పదు. అంచును నేలకు నాలుగు వేళ్లు ఎత్తి, పై కిటికీలు తెరిచి ఉంచితే గాలి కిందినుంచి పైకి నడుస్తుంది. నదీ తీరాన, లోతట్టు గుంటలో కాక కాస్త ఎత్తున చెట్లకింద వేస్తే మంచు తగ్గుతుంది. దోమలున్న చోట లోపల సగానికి వేలాడే దోమతెర కుట్టుకుంటారు. మన వాతావరణంలో ఇది లేకుండా నిద్ర ఉండదు.

పొయ్యి సంగతి వేరు. అమెరికాకు చెందిన కిఫారు, సీక్ అవుట్‌సైడ్ వంటి కంపెనీలు మడిచి పెట్టుకునే పలుచని లోహపు పొయ్యిలను టీపీలతోపాటు అమ్ముతాయి. పొగగొట్టం గుడ్డను దాటే చోట సిలికాన్ పూత వేసిన గాజుపీచు గుడ్డ కుట్టాలి, ఎందుకంటే నైలాన్ రకాన్నిబట్టి 220 నుంచి 265 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఒక్క నిప్పురవ్వ పడినా చిల్లే. పొయ్యి మండుతుండగా నిద్రపోవడం, కిటికీలు మూసి గ్యాసు స్టవ్వుమీద వండటం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మన చలికి మంచి పరుపు సంచి చాలు, పొయ్యి అక్కరలేదు.

తేలిక గుడ్డను ఎక్కువగా తినేసేది దక్కన్ ఎండ. అతినీల కిరణాలు నైలాన్ పోగును నెమ్మదిగా పెళుసు చేస్తాయి. పగలంతా ఎండలో నిలబెట్టి వదిలేసిన గుడారం చూపుకు బాగానే ఉండి, ఒకరోజు గాలికి మూల దగ్గర చిరుగుతుంది. పొద్దున్నే విప్పి, నీడలో ఆరబెట్టి, గట్టిగా చుట్టకుండా వదులు సంచిలో వేసిపెట్టాలి. చిరిగితే అతుకు తేలిక. కోతలో మిగిలిన ముక్కను గుండ్రంగా కోసి, పలుచని సిలికాన్ పూసి లోపలినుంచి అంటించి, పైన పుస్తకం బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే పట్టు కుదురుతుంది. అందుకే మిగిలిన ముక్కలను పారేయకుండా గుడారపు సంచి అడుగునే దాచుకోవాలి.